ప్రభుత్వ భూమి, తొలగింపు నోటీసు, న్యాయస్థానము
(స్టేషన్ ఘన్‌పూరునందు జరిగిన సంఘ వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



ఆహ్వానసంఘమువారు మమ్ము ఈ సభయందు సంస్కృతవిద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కోరిరి. మేము వారి యనుమతి గైకొని విషయమును మార్చితిమి. ఏలయనగా, ఉద్యోగవిరమణానంతరము మా యరుగుమీదికి వచ్చు కులబాంధవులలో శ్లోకార్థము నడుగవచ్చినవారికంటె నోటీసు చదివించుకొనవచ్చినవారే మిక్కుటముగా నున్నారు. "మీరు ప్రభుత్వ భూమి నాక్రమించియున్నారు, ఇన్ని దినములలో సమాధానము చెప్పుడు, లేనియెడల తొలగింపబడుదురు" అను తాత్పర్యము గల కాగితము చేతబట్టుకొని వచ్చిన మనుష్యుని ముఖము చూచినవారికి, ఆ పూటకు కాళిదాసుని తెరువ బుద్ధి పుట్టదు.

మన కులవృత్తులు భూమిని దున్నునవి కావు. అయినను నిలుచుటకు జాగా లేనిదే వానిలో ఒక్కటియు సాగదు. వడ్లవారి దుకాణమునకు చెట్టునీడ కావలెను. కమ్మరి కొలిమికి ఊరి యంచున గాలి యాడు చోటు కావలెను. పెంబర్తిలో ఇత్తడిరేకుపై దేవతామూర్తులను తీర్చువారికి ఎండ తగులని కొట్టము కావలెను. పూర్వము ఊరివారు, నాగళ్లు చెక్కి కర్రులు కాల్చియిచ్చినందుకు కళ్లములో ధాన్యము కొలిచి, కొట్టము వేసికొనుటకు ఇంత చోటు చూపెడివారు. దానికి కాగితము లేదు, ఊరి మాటయే కాగితము. నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది. కొలిమి రోడ్డు ప్రక్కకు నడచివచ్చి వెల్డింగు దుకాణమైనది. మాట యిచ్చిన పెద్దలు గతించిరి. రోడ్డు మాత్రము నానాటికి వెడల్పగుచున్నది.

ఈ యూరి పేరులోనే రైలు స్టేషను కలదు. తెలంగాణమున ఘనపురములు పెక్కు. కోటగుళ్లు గల ఘనపురమొకటి, ఇది యొకటి. కావున రైలుబండి నిలుచు ఘనపురము స్టేషన్ ఘన్‌పూరైనది. ఒక వంక సికింద్రాబాదు నుండి కాజీపేటకు బోవు రైలుమార్గము, మరియొక వంక హైదరాబాదు నుండి ఓరుగంటికి బోవు రాజమార్గము, నడుమ చెరువు శిఖములు, పశువులు మేయు బంచరాయి, పాత గ్రామకంఠము. వీనినన్నింటిని మనవారు "సర్కారు జాగా" యను ఒక్క మాటతో పిలుతురు. చట్టమునకు మాత్రము సర్కారు ఒక్కటి కాదు. రైలువారి భూమియైనచో కేంద్రప్రభుత్వమువారి 1971వ సంవత్సరపు చట్టము వర్తించును; దాని క్రింద నోటీసు నిచ్చువాడు ఎస్టేటు ఆఫీసరు, ఆయన ఉత్తరువుపై జిల్లా జడ్జి యొద్ద అప్పీలు చేసికొనుటకు గడువు 12 దినములు మాత్రమే. జాతీయరహదారి భూమికి 2002వ సంవత్సరపు చట్టము వేఱు. రెవెన్యూవారి భూమికి, మొదట చెన్నరాజధానిలో పుట్టి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట తెలంగాణమునకును విస్తరింపజేయబడిన 1905వ సంవత్సరపు భూ ఆక్రమణల చట్టము. అందు అధికారి తహసీలుదారు. అంతకు పూర్వము మనకిచట 1317 ఫసలీ భూమిశిస్తు శాసనము నడచెడిది. పంచాయతీకిని పురపాలకసంఘమునకును వారి వారి చట్టములు కలవు. నోటీసు రాగానే మనము చూడవలసినది, ఏ చట్టము క్రింద, ఏ సెక్షను క్రింద, ఏ యధికారి పంపెనన్న సంగతి. చెంతనున్న నాయకుని ఇంటికి పరుగెత్తుట తరువాతి మాట. ఇంకను చెప్పవలెనన్న, అది యక్కరయే లేని మాట.

మరియొక సంగతి. గ్రామకంఠమనగా ఊరివారి నివాసస్థలము. అది రికార్డులో ఎవరి పేరునను లేనంత మాత్రమున సర్కారుది కాజాలదని హైకోర్టు పలుమారు చెప్పియున్నది. అట్లే మన పూర్వులకు వృత్తినిమిత్తముగా ఇచ్చిన ఇనాములు కొన్ని, 1955వ సంవత్సరపు ఇనాముల రద్దు చట్టము వచ్చినప్పుడు తగిన దరఖాస్తు పెట్టుకొననందున, కాగితముపై సర్కారు పేర పడియుండవచ్చును. సేత్వారు, 1954–55 నాటి ఖాస్రా పహాణీ, తరువాతి పహాణీలు, వీని నకళ్లు తెచ్చుకొనక "మాది సర్కారు జాగాయే, మేమే ఆక్రమించితిమి" అని వేలిముద్ర వేయువారిని చూచి మేము నొచ్చుకొంటిమి. వారిలో కొందరు తమ తాతలయింటనే కూర్చుండి తమ్ము దాము ఆక్రమణదారులని చెప్పుకొనిరి.

ఇక అనుభవమును గూర్చి. "మేము ముప్పది యేండ్లుగా ఉన్నాము, కావున భూమి మాదే" యని మనవారు ధైర్యముగా చెప్పుదురు. ఈ వాదమెంత పాతదో, దీనికి సమాధానమును అంత పాతది. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున లిఖితము, భుక్తి, సాక్షులు అని మూడు ప్రమాణములు చెప్పబడినవి. యజమాని చూచుచు మాటాడక యుండగా పరుడు ఇరువది సంవత్సరములు భూమి ననుభవించినయెడల యజమానికి హాని కలుగునని కూడ అందు కలదు. కల్యాణపుర చాళుక్యులు ఏలుచుండగా, మన హనుమకొండ కాకతీయులు ఇంకను వారికి సామంతులుగా నున్న దినములలో, మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుడు ఆ హాని ఫలసాయమునకే గాని భూమికి గాదని వ్యాఖ్యానించెను. మన విషయమునకు దీనికంటె ముఖ్యమైన మాట దాని వెంటనే వచ్చుచున్నది. తాకట్టు, పొలిమేర, నిక్షేపము, బాలుర సొత్తు, స్త్రీధనము మొదలగువానివలెనే రాజద్రవ్యమును అనుభవమాత్రమున పోవునది కాదు. నేటి కాలపరిమితి చట్టమును అదే త్రోవ పట్టినది. ఇతరుల భూమికి పండ్రెండేండ్లు గడువైనచో, ప్రభుత్వభూమికి 1908 నాటి చట్టమున అరువది సంవత్సరములు, 1963 నాటి చట్టమున ముప్పది సంవత్సరములు. ఆ ముప్పదియు ఊరకయే గడచిన చాలదు. పరునిదని యెరిగియు, బాహాటముగా, ఎడతెగక, తనదేయని చెప్పుకొనుచు గడపినట్లు ఋజువు చేయవలెను. పండ్రెండేండ్ల మాటను నమ్ముకొని కోర్టుకు వెళ్లినవాడు మెట్లపైననే ఓడును.

అట్లయినచో న్యాయస్థానమున మనకేమి దొరకును? ఈ ప్రశ్నకు సమాధానముగా హైదరాబాదులోని హబ్సిగూడ భూముల వ్యవహారమును కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. అది మన తెలంగాణపు భూమిమీదనే పుట్టి, ఢిల్లీలోని సుప్రీంకోర్టు వఱకు వెళ్లి, నేటికిని ఇట్టి ప్రతి వ్యాజ్యములోను న్యాయవాదులు ముందుగా చేతబట్టు తీర్పు.

ఉస్మానియా విశ్వవిద్యాలయమునకై నిజాము ప్రభుత్వము భూములు సేకరించినది. హబ్సిగూడలో మూడు తుండ్లు ఒక కుటుంబమువారి స్వాధీనమున నుండెను. అవియును తనకై సేకరించినవేయనియు, ఆ కుటుంబమువారిని లేవగొట్టవలెననియు విశ్వవిద్యాలయము 1956లో సివిలు కోర్టున దావా వేసెను. 1959లో ఆ దావా కొట్టివేయబడినది. ఒక తుండు అసలు సేకరింపబడనే లేదనియు, తక్కిన రెండును సేకరింపబడినవైనను దావాకు ముందు పండ్రెండేండ్లలో అవి తన స్వాధీనమున నుండినట్లు విశ్వవిద్యాలయము చూపలేదనియు కోర్టు నిర్ణయించెను. 1964లో హైకోర్టును దానినే ఖాయము చేసెను. ఇంతటితో ముగియవలసిన కథ అప్పుడే క్రొత్తగా మొదలైనది. విశ్వవిద్యాలయమువారు ప్రభుత్వమునకు వ్రాసిరి. ప్రభుత్వము పక్షమున తహసీలుదారు 1905 నాటి చట్టము క్రింద 1964 డిసెంబరులో నోటీసిచ్చి, ఆ మాసము ముగియకముందే తొలగింపు ఉత్తరువును చేసెను. సివిలు కోర్టులో ఏండ్ల తరబడి వాదించి దొరకనిదానిని, కచేరీలో కొన్ని దినములలో సంపాదింపజూచిరన్నమాట.

భూమిని పట్టుకొనియున్నవారు ఊరకుండలేదు. పై యధికారులకు అప్పీళ్లు చేసి యోడి, తుదకు హైకోర్టులో రిట్టు వేసిరి. అచ్చట మొదట ఏకన్యాయమూర్తి యొద్ద ఓడి, ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనమున గెలిచిరి. రాష్ట్రప్రభుత్వము సుప్రీంకోర్టుకు వెళ్లెను. 1982 మార్చి 16వ తేదీన ప్రధానన్యాయమూర్తి వై. వి. చంద్రచూడ్ గారు తీర్పు చెప్పిరి. దాని సారమిది. ఎవడో నిన్న మొన్న వచ్చి రోడ్డుమీదనో బహిరంగస్థలముననో గుడిసె వేసికొన్నచో వానిని వెంటనే తొలగించుటకు ఆ చట్టము ఏర్పడినది. హక్కును గూర్చి కపటము లేని నిజమైన వివాదమున్నప్పుడు, ప్రభుత్వము తన పక్షమున తానే తీర్పు చెప్పుకొని, ఆ తీర్పునాధారము చేసికొని త్రోసివేయరాదు. అందరివలె సివిలు కోర్టుకు వెళ్లి తన హక్కును స్థాపించుకొనవలెను. ఎంతకాలముగా నున్నారన్నదొకటే విషయమును తేల్చదు. కాని దీర్ఘకాలముగా నున్నవాని పక్షమున నిజమైన వివాదమున్నదని తలచుటకు అది సాధనమగును.

ఇందు ఒక సూక్ష్మము కలదు. దానిని మఱచినవారు చెడిపోవుదురు. భూమి ఆ కుటుంబమువారిదేయని సుప్రీంకోర్టు చెప్పలేదు. భూమి ఎవరిదో సివిలు కోర్టు చెప్పవలెను, తహసీలుదారు చెప్పరాదు అని మాత్రమే చెప్పినది. అనగా మనకు దొరకినది భూమి కాదు, విచారణ. ఇది స్వల్పమని కొందరు పెదవి విరుతురు. విచారణ లేక కొట్టము కూలినవానిని అడుగుడు, స్వల్పమో అనల్పమో వాడు చెప్పును.

మా యెరుకలోని కమ్మరియొకడు కలడు. ఊరు పేరు చెప్పము. ఆయనకు నోటీసు తెచ్చిన జవానుతో, "నేను పుచ్చుకొనను, పుచ్చుకొంటే గదా నోటీసు" అనెను. జవాను ఆ కాగితమును తలుపునకంటించి, ఇద్దరు సాక్షులతో వ్రాలు చేయించుకొని పోయెను. చట్టము దృష్టిలో నోటీసు అందినది. గడువు దాటినది, సమాధానము లేదు, ఉత్తరువు వచ్చినది. ఒక ఉదయమున యంత్రము వచ్చి కొలిమిని పెకలించినది. దాకలియు తిత్తియు రోడ్డుమీద పడియుండగా ఆయన మా యరుగునకు పెట్టె యొకటి మోసికొని వచ్చెను. అందులో నలువది యేండ్ల ఇంటిపన్ను రసీదులు, తండ్రి పేరి పాత గ్రామపంచాయతీ కాగితములు, వరుసగా దారముతో కట్టబడి యుండెను. ఆ చోటు గ్రామకంఠమని వాదించుటకు ఆ పెట్టె ముమ్మాటికి చాలును. అప్పీలులో పై యధికారి ఉత్తరువును రద్దు చేసి మరల విచారింపుడని పంపెను. గెలుపే, కాని కొలిమి లేదు. ఆయన ఇప్పుడు కొడుకు దగ్గర పట్టణములో నున్నాడు. నోటీసును పుచ్చుకొని, పదిహేను పంక్తుల సమాధానము వ్రాసి, ఆ పెట్టెలోని కాగితముల నకళ్లు జతచేసి, అందినట్లు ముద్ర వేయించుకొని వచ్చియుండినచో, యంత్రము వచ్చుటకు ముందే ఏ న్యాయమూర్తియైనను ఆ కాగితమును చూచి ఆగుమనియుండును.

కావున నోటీసును పుచ్చుకొనుడు. పుచ్చుకొన్న తేదీని దానిపైననే వ్రాసికొనుడు. సమాధానమునకు గడువు చాలనిచో గడువు కోరుచు వ్రాయుడు. అడుగుచున్న రికార్డు నకళ్లు ఇవ్వలేదనియు వ్రాయుడు. నోటిమాటగా చెప్పివచ్చిన సమాధానము గాలిలో కలియును. 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద సర్వే పటమును, పహాణీలను అడుగవచ్చును. కొలతకు దరఖాస్తు పెట్టుడు. మన వ్యాజ్యములలో సగము, హద్దురాయి ఎక్కడనున్నదో ఎవరును కొలువకపోవుటచేత పుట్టినవే. సమాధానమును లెక్క చేయక ఉత్తరువు వచ్చినచో అప్పీలు కలదు. అప్పీలు తేలులోపలనే కూల్చివేయుదురన్న భయమున్నచో హైకోర్టున రిట్టు కలదు. సెలవు దినములలో సైతము న్యాయమూర్తి ఇంటివద్ద అత్యవసరముగా వినిపించు పద్ధతి కలదు. హౌస్ మోషన్ అని దానికి పేరు. శనివారము వచ్చు యంత్రమునకు ఇదియే విరుగుడు. 2024 సెప్టెంబరు 22, ఆదివారమునాడు, హైదరాబాదు చెంతనున్న అమీన్‌పూరు మండలమున ఒక భవనమును కూల్చిన విషయమున, సెలవునాడు ఆ తొందర ఏలయని తెలంగాణ హైకోర్టు అధికారులను పిలిపించి గట్టిగా ప్రశ్నించియున్నది.

రసీదులను గూర్చి ఒక హెచ్చరిక. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, రేషను కార్డు, ఇవన్నియు మీరచట నివసించుచున్నారని చూపును, హక్కును చూపవు. శివాయిజమా రసీదు, అనగా ప్రభుత్వభూమి నాక్రమించినందుకు కట్టిన జరిమానా రసీదు, రెండంచుల కత్తి. ఇన్నేండ్లుగా ఉన్నామని అది చెప్పును. భూమి ప్రభుత్వమువారిదేయని మేమొప్పుకొంటిమనియు అదే చెప్పును. క్రమబద్ధీకరణ దరఖాస్తును అట్టిదే. 2014 డిసెంబరు 30న తెలంగాణ ప్రభుత్వమువారు 58, 59 సంఖ్యలు గల ఉత్తరువులను వెలువరించి, పేదలకు 125 చదరపు గజముల వఱకు ఉచితముగాను, తక్కినవారికి వెల పుచ్చుకొనియు, ఆక్రమణలోని నివాసములను క్రమపఱచిరి. నిజముగా ప్రభుత్వభూమియందున్న పేదవానికి అది వరము. గ్రామకంఠమున తాతయిల్లు గలవాడు తొందరపడి ఆ దరఖాస్తు పెట్టినచో తన హక్కును తానే విడుచుకొన్నవాడగును. ఏది మీదో తెలిసికొనిన పిదపనే సంతకము చేయుడు.

మన సంఘభవనముల మాటయు చెప్పవలెను, పోషకులు వినుచున్నారు గనుక. కులమువారు చందాలెత్తి కట్టుకొన్న సత్రములు, విద్యార్థి వసతిగృహములు, దేవాలయములు ఎన్నియో ఎవరో పెద్దమనుష్యుడు చూపిన సర్కారు స్థలమున లేచినవి. ఇట్టివారికి పంజాబులోని బర్నాలా ధర్మశాల వ్యాజ్యము తెలియదగినది. పటియాలా సంస్థానపు కాలమున, 1909లో, ఒక వర్తక కుటుంబమువారు ప్రయాణికుల కొఱకై ప్రభుత్వ భూమిమీద అనుమతితో ధర్మశాలను కట్టిరి. తరువాత గుడియు దుకాణములును చేరినవి. సుమారు ఏబదేండ్లకు, 1958లో, అధికారులు కోర్టు ఉత్తరువేమియు లేకయే వారిని తొలగించి స్వాధీనము చేసికొనిరి. భూమి ప్రభుత్వముదే, ధర్మశాల ప్రజలది, ఇందు వీరికేమి పని యని ప్రభుత్వపు వాదము. 1961లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ఆ చర్యను తీవ్రముగా ఖండించెను. భూమి ఎవరిదైనను కానిమ్ము, సద్భావముతో అనుమతి పొంది కట్టి నడుపుచున్నవారిని చట్టాధికారము లేక కేవలము అధికారబలముచే త్రోయుట తగదనెను. అనుమతి కాగితమున్నందున వారు నిలిచిరి. మన భవనములలో ఎన్నింటికి అనుమతి కాగితమున్నదో కార్యదర్శులే చెప్పవలెను. స్వాగతతోరణమునకు వేలు వెచ్చించు పోషకులు, కొలత రుసుమునకును పాత పహాణీ నకళ్లకును కొన్ని వందలు విడువలేరా? తోరణముపై పేరు చెక్కింపవచ్చును, పహాణీపై చెక్కింపరాదని కాబోలు ఈ యుపేక్ష.

ఇక న్యాయస్థానము మనకు ఈయనిదానిని గూర్చి. దీనిని చెప్పుట మాకు సంతోషము కాదు, కాని చెప్పక దాచుట ద్రోహము. చెరువు శిఖమున మట్టి పోసి ఇల్లు కట్టుకొన్నవానికి ఏ తీర్పును ఆదుకొనదు. 2011 జనవరి 28న, పంజాబులోని యొక గ్రామపు చెరువును పూడ్చి కట్టిన ఇండ్ల విషయమున సుప్రీంకోర్టు, సొమ్ము పుచ్చుకొని క్రమబద్ధీకరింతుమన్న కలెక్టరు మాటను త్రోసిపుచ్చి, గ్రామపు ఉమ్మడి భూములలోని ఆక్రమణలను తొలగించు పథకములు సిద్ధము చేయుడని రాష్ట్రములన్నింటిని ఆజ్ఞాపించెను. ఎంత కాలమున్నను, ఎంత ఖర్చు పెట్టియున్నను అది సాకు కాదనెను. భూమిలేని కూలీలకును దళిత గిరిజనులకును ప్రభుత్వమే ఇచ్చిన కౌలువంటివానికి మాత్రము మినహాయింపు తలచెను. మా యభిప్రాయమున ఇది సరియైన తీర్పే. చెరువు పోయినచో కమ్మరికి కర్రు కాల్చు పనియు పోవును; రైతు లేని యూరిలో మన కొలిమి ఎవరికి? కావున శిఖమున కట్టుకొన్న బంధువుని కొఱకు సంఘము పేర అర్జీ పెట్టుమని మమ్మడుగువారికి మేము లేదనియే చెప్పుచున్నాము. ఇందువలన కొందరికి మాపై కినుక కలిగినది, కలుగనిండు. వానికి మరియొకచోట ఇంటిజాగా కావలెనని అడుగుటకు మాత్రము మేమే ముందు నడతుము.

రోడ్డుప్రక్క కొలిములవారు 2024 నవంబరు 13 నాటి సుప్రీంకోర్టు తీర్పును గూర్చి వినియుందురు. నోటీసిచ్చి పదిహేను దినములు గడువక కూల్చరాదనియు, సంబంధితులను వినవలెననియు, కూల్చుటను వీడియోలో నెక్కింపవలెననియు అందు కలదు. పత్రికలలో చదివి మనవారు కొందరు పండుగ చేసికొనిరి. కాని రోడ్డు, కాలిబాట, రైలుకట్ట ప్రక్క, నది, చెరువువంటి బహిరంగస్థలములలోని అక్రమ కట్టడములకు ఆ నిబంధనలు వర్తింపవని అదే తీర్పున వ్రాయబడియున్నది. మన దుకాణములలో పెక్కు ఆ మినహాయింపులోనే పడును.

అట్టివారికి ఏమియు లేదా యన్నచో, కొంత కలదు. బొంబాయి కాలిబాటలపై గుడిసెలు వేసికొన్న పేదల వ్యాజ్యమున 1985 జులై 10న సుప్రీంకోర్టు, జీవించు హక్కులో జీవనోపాధియు చేరియున్నదనియు, కాలిబాటమీద నివసించు హక్కెవరికిని లేకున్నను, తొలగించుటకు ముందు వారి మాట వినుట న్యాయమనియు చెప్పెను. వానలు వెడలిన పిమ్మటనేగాని, అనగా ఆ సంవత్సరము అక్టోబరు 31 లోపల లేవగొట్టరాదని గడువునిచ్చెను. వానకాలము గడచువఱకు నిలుచుటకు చోటు! గొప్ప విజయమని చెప్పలేము. కాని సామానులు సర్దుకొని, దాకలిని దింపుకొని, మరియొక చోటు వెదకికొనుటకు మూడు మాసములు దొరకినవానికిని, తెల్లవారకముందే దొరకనివానికిని గల భేదమును మేము చూచియున్నాము. రోడ్డుప్రక్కవారు హక్కును గూర్చి గాక, గడువును, ప్రత్యామ్నాయ స్థలమును, పనిముట్ల రక్షణను గూర్చి అడుగుట వివేకము. హక్కు లేనిచోట హక్కు కలదని వాదించి ఓడినవాడు గడువును కూడ పోగొట్టుకొనును.

ప్రభుత్వమే పట్టా యిచ్చిన భూములవారు, అనగా లావాణిపట్టాదారులు, వేఱు తరగతివారు. అట్టి భూమిని అమ్మరాదు. 1977వ సంవత్సరపు చట్టము దానిని నిషేధించుచున్నది. కాని ప్రభుత్వమే ప్రజోపయోగమునకై దానిని తిరిగి తీసికొన్నప్పుడు, సొంత పట్టాభూమివారితో సమానముగా నష్టపరిహార మీయవలెనని చేవెళ్ల ప్రాంతపు వ్యాజ్యమున 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనము నిర్ణయించినది. అప్పగించుమని ఎవరైన తెల్లకాగితముపై వ్రాయించుకొన వచ్చినయెడల, ఆ తీర్పును జ్ఞప్తి చేయుడు.

న్యాయవాదికి ఈయ సొమ్ము లేదను మాటకు 1987 నాటి న్యాయసేవల చట్టము సమాధానము. స్త్రీలకు, ఆదాయమెంతయైనను, ఉచితముగా న్యాయవాది దొరకును. దళిత గిరిజనులకును, వికలాంగులకును, ఆదాయము తక్కువగలవారికిని అట్లే. 2016లో జనగామ జిల్లా ఏర్పడినది మొదలు మనకు కచేరీలు చేరువైనవి. చిన్న పనికి ఓరుగల్లు పోనక్కరలేదు. ఇంటిలో స్త్రీలకును ఆ చోటియందు హక్కున్నచో వారును అర్జీదారులుగా నిలువవచ్చును. అమ్మల పేరు అర్జీలో వ్రాయుటకు మన మగవారు జంకెదరు. ఆ జంకు ఎందులకో మాకు బోధపడలేదు.

సంఘమువారికి మా ప్రార్థన యొకటి. ఈ సంవత్సరపు మిగులు ధనమున కొంత వేఱుగానుంచి, ప్రతి గ్రామములో మనవారి నివాసములు, కొట్టములు ఏ సర్వే నంబరులో, ఏ తరగతి భూమిలో నున్నవో ఒక పుస్తకము వ్రాయింపవలెను. నోటీసు వచ్చిన పిమ్మట పహాణీ వెదకుట, ఇల్లు అంటుకొన్న పిమ్మట బావి త్రవ్వుటయే. ఈ పని చేయుటకు చదువుకొన్న యువకులు నలుగురు చాలుదురు. వారికి బస్సు ఖర్చులును, నకళ్ల ఖర్చులును ఇచ్చిన చాలును. మేము వారితో కూడ కచేరీకి వచ్చుటకు సిద్ధముగా నున్నాము. పాత ఉర్దూ పహాణీలు చదువగల వృద్ధులు ఇంకను ఒకరిద్దరు మిగిలియున్నారు; వారుండగానే ఈ పని మొదలిడవలెను.

భోజనానంతరము రెండు గంటలకు, సభాభవనమునకు ఎడమవైపు గదిలో మేము కూర్చుండెదము. నోటీసులు వచ్చినవారు అవి తీసికొని రండు. నోటీసును మడువక, వెనుకవైపున తేదీ వేసి తెండు. రసీదుల నకళ్లు తెండు, అసలు కాగితములను మాకు సైతము ఈయకుడు. రైలువారి నోటీసు వచ్చినవారు ముందుగా రావలెను. వారి గడువు పండ్రెండు దినములే.